వదిలేసిన ఒకటి

మా బడి మధ్యాహ్నం మూడున్నరకు మొదలయ్యేది. ఒకటో తరగతి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక వాళ్ల గదిలో, వాళ్ల బెంచీల మీద మేము కూర్చునేవాళ్లం. ఆరేళ్ల పిల్లల కొలతకు చేసిన బెంచీలవి. మోకాళ్లు బల్ల కిందికి దూరేవి కావు. అందుకని అందరం పక్కకు తిరిగి, బస్సు ఎటునుంచి వస్తుందా అని చూస్తున్నవాళ్లలా ఒకే వైపు ముఖం పెట్టి కూర్చునేవాళ్లం. మొత్తం ఇరవై ఇద్దరం. అందరిలోకీ పెద్దదాన్ని నేనే. అప్పటికి నాకు యాభై ఏడు.

పాఠం చెప్పే అమ్మాయి మా ఎదురింటి దర్జీ కూతురు. వాళ్లమ్మ మంచం పట్టిన రెండేళ్లూ ఆ పిల్ల మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకుంది. నేను జుట్టు చిక్కు తీస్తుంటే ఏడుస్తూనే కబుర్లు చెప్పేది. అలాంటి పిల్ల చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడితే నాకు కళ్లు చాలేవి కావు. బళ్లో కూడా నన్ను అందరి ముందూ అత్తా అనే పిలిచేది. టీచరు అత్తగారికి మార్కులు ముందే వేసి ఉంటారు అని మిగతావాళ్లు నన్ను ఏడిపించేవారు. ఏడిపించినా నాకు బాగానే ఉండేది.

ఆ వయసులో నేను బడికి వెళ్లింది సరదాకి కాదు, నా చేతుల కోసం.

నేను పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తాను. మా ఆయన అక్కడే బాయిలరు చూసేవాడు. ఆయన పోయాక నన్ను తీసుకున్నారు. పదకొండేళ్లు తొట్ల దగ్గర నిలబడ్డాను. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు మొదట మా తొట్లలో నానాలి, బ్లీచింగు నీళ్లలో మునగాలి, ఆ తరవాతే మిషనుకి వెళ్లాలి. చేతికి తొడుగులు ఇస్తారు గానీ రెండు రోజులకే వేళ్ల దగ్గర చిరుగుతాయి. నా వేళ్ల సందుల్లో చర్మం పగిలి మానేది కాదు. ఉప్పు తగిలినా, సబ్బు తగిలినా ప్రాణం పోయేది. ఆసుపత్రిలోనే ఒక డాక్టరమ్మకు చూపిస్తే, ఇంకో ఏడాది నీళ్లలో పెడితే గ్లాసు కూడా పట్టుకోలేవని చెప్పింది.

లాండ్రీ మొత్తంలో తడి లేని చోటు ఒక్కటే. చివరి చిన్న గదిలో కిటికీ దగ్గర కుర్చీ. ఉతికి, ఇస్త్రీ అయిన దుప్పట్లు అక్కడి నుంచే బండ్లలో వార్డులకు వెళ్తాయి. రోజుకు రెండు బండ్లు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కుర్చీలో కూర్చున్న మనిషి పొద్దుటి దుప్పట్లు ఎన్నో రాసి, మధ్యాహ్నం దుప్పట్లు ఎన్నో రాసి, రెండూ కూడి ఆ రోజు మొత్తం ఒక చీటీ మీద స్టోరుకు పంపాలి. ఆ పని చేసే కళ్లద్దాల తాత ఏడాది చివర మానేస్తున్నాడు. మా సూపర్‌వైజరు అందరినీ పిలిచి, మీలో రాయడం, కూడడం వచ్చినవాళ్లు ఉంటే వాళ్లకే ఇస్తాను, కాగితం చూపించండి, లేకపోతే బయటినుంచి మనిషిని తెచ్చుకుంటాను అన్నాడు.

ఆ సాయంత్రమే బడిలో పేరు రాయించుకున్నాను. నాతో పాటు మా వదిన కూడా వచ్చింది. వదిన అంటే చుట్టం కాదు. తొట్ల దగ్గర మొదటి రోజు నన్ను చూసి, ఏం వదినా, బొమ్మలా నిలబడ్డావు, నీళ్లకు నువ్వు భయపడతావా, నీళ్లే నీకు భయపడాలా అంది. అప్పటినుంచి ఇద్దరం వదినలమే. మనిషి బాగా పొడుగు, మెడ ముందుకు చాచి నడుస్తుంది. అందుకని లాండ్రీలో అందరూ కొంగక్క అంటారు. ఆమె పని కట్టలు కట్టడం. దుప్పట్లు పదేసి చొప్పున ఒక కట్ట. పాత దుప్పటి చించిన పీలికతో ముడి వేసి, మిగిలిన విడివాటిని పైన పెట్టి కిటికీలోకి తోస్తుంది. ఆమె కట్టలో తొమ్మిదీ ఉండవు, పదకొండూ ఉండవు.

వదిన బడిలో మూడు వారాలే ఉంది. ఈ పిల్ల మనకు చదువు చెప్పడంలేదు, బండి దాటిపోతోందన్నట్టు మనల్ని తోలుతోంది, నా వల్ల కాదు అని మానేసింది. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నా పిల్లను అన్నట్టే అనిపించింది. నీ బుర్రకు ఎక్కకపోతే పిల్లననడం ఎందుకని నేను కూడా అన్నాను.

అక్షరాలకు రెండు నెలలు పట్టింది. మూడో నెలలో కూడికలు. అమ్మాయి మా పలకల మీద పక్కపక్కనే రెండేసి గళ్లు గీసి ఇచ్చేది. కుడి గడిలో ఒకట్లు, ఎడమ గడిలో పదులు. పైన ఒక సంఖ్య, దాని కింద ఇంకొకటి, కింద గీత. కుడి వైపు నుంచి మొదలుపెట్టాలి. రెండూ ఐదూ ఏడు, కింద ఏడు. నాలుగూ మూడూ ఏడు, కింద ఏడు. డెబ్బై ఏడు. మొదటిసారి అది తప్పు లేకుండా వచ్చినప్పుడు నేను పలకను చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాను. అప్పటిదాకా నేను లెక్క అంతా వేళ్ల కణుపుల మీద చేసేదాన్ని. బొటనవేలితో ఒక్కో కణుపూ నొక్కుకుంటూ పోతే ఎంత పెద్ద లెక్కయినా ఎక్కడో ఒకచోట తేలేది. అమ్మాయి అది చూసి నా చెయ్యి పట్టుకుని మూసేసింది.

"వేళ్లు మర్చిపో అత్తా. వేళ్లు తప్పు చెప్తాయి. పలక ఏం చెప్తే అదే నిజం."

నేను మర్చిపోయాను. చెప్పిన మాట వినడం ఒకటే నాకు అప్పటికి బాగా వచ్చిన విద్య.

రోజూ ఇంటికి వెళ్లాక నాకు నేనే లెక్కలు ఇచ్చుకునేదాన్ని. ఒక రోజు పైన ఇరవై ఎనిమిది, కింద పదిహేడు వేసుకున్నాను. ఎనిమిదీ ఏడూ పదిహేను. ఆ గడిలో పదిహేను పట్టలేదు. అంకెలు చిన్నవి చేసి ఇరికించాను. అప్పుడది చూడ్డానికి మూడు అంకెలైంది. అలాంటిది బళ్లో ఎప్పుడూ రాలేదు. అమ్మాయి ఇచ్చే లెక్కలన్నీ రెండు గళ్లలో చక్కగా సర్దుకునేవే. మర్నాడు పలక అలాగే తీసుకెళ్లి చూపించాను.

ఆ రోజు ఆమె హడావిడిగా ఉంది. పై నుంచి పరీక్ష చేసే అధికారి మరుసటి రోజే వస్తున్నాడు. ఆమె గోడ మీద పటాలు తగిలిస్తోంది. నోట్లో మేకులు. నా పలక చూసి, మేకులు చేతిలోకి తీసుకుని, గడికి ఒక్క అంకే ఉండాలి అత్తా, ఐదు వెయ్యి అంది. మరి ఆ ఒకటో అని అడిగాను.

"దాని సంగతి తర్వాత చూద్దాం. నీకు రేపు అలాంటివి రావు."

పలక తుడిచేసి చేతికి ఇచ్చింది.

మర్నాడు అధికారి వచ్చాడు. మమ్మల్ని ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలో అమ్మాయి ముందే చెప్పింది. నాది రెండో వరస, కిటికీ పక్క. ఎవరి వంతులో ఏ లెక్క వస్తుందో కూడా ఆ వారమంతా చేయించింది. అది మోసమని నాకు తట్టలేదు. పెళ్లిచూపులకు ముందు పిల్లకు పాట నేర్పినట్టు, అధికారి ముందు మేము తడబడకూడదని చేయిస్తోంది అనుకున్నాను. నా వంతు వచ్చింది. నలభై రెండూ ముప్పై ఐదూ. డెబ్బై ఏడు అని రాశాను. అధికారి తల ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి కళ్లల్లో నీళ్లు. నా కళ్లల్లోనూ నీళ్లు.

వారం తిరక్కుండానే అందరికీ కాగితాలు వచ్చాయి. నా కాగితం మీద నా పేరు కింద, రెండంకెల కూడికలు వచ్చును అని రాసి ఉంది. నేనే చదువుకున్నాను. ఇరవై ఇద్దరిలో పంతొమ్మిది మంది నెగ్గారట. అంతమందిని నెగ్గించినందుకు అమ్మాయికి ఊరవతల పెద్ద బడిలో ఖాయమైన ఉద్యోగం ఇచ్చారు. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, వీటికి ఇక నీళ్లు తగలకూడదు అత్తా అంది. ఆ ఒకటి సంగతి నేను అడగలేదు. అంత చదువు చెప్పిన మనిషి, అది ముఖ్యమైందే అయితే వదిలేస్తుందా అనుకున్నాను. అయినా ఒకటే కదా. చాటతో చెరిగినప్పుడు అంచు దాటి పడే గింజ లాంటిది.

కుర్చీ నాకు వచ్చింది.

బడి పలకనే అక్కడ బల్ల మీద పెట్టుకుని, దాని మీద కూడి చీటీకి ఎక్కించేదాన్ని. మొదటి మూడు రోజులూ బాగా గడిచాయి. అవి సర్దుకునే లెక్కలు కావడం నా అదృష్టమో దురదృష్టమో. నలభై మూడూ నలభై నాలుగూ ఎనభై ఏడు. యాభై రెండూ ముప్పై ఆరూ ఎనభై ఎనిమిది. సూపర్‌వైజరు చీటీ చూసి, అక్షరం ముత్యంలా లేదు గానీ లెక్క బాగుంది అన్నాడు. వదిన కట్టలు తోస్తూ, కుర్చీలో కూర్చోగానే నీ నడుము నిటారుగా అయింది, జాగ్రత్త, అలవాటైతే ఇంటికెళ్లి వంగలేవు అని నవ్వింది. నా వేళ్లు మానడం మొదలుపెట్టాయి.

నాలుగో రోజు పొద్దున నలభై ఎనిమిది, మధ్యాహ్నం ముప్పై ఏడు. ఎనిమిదీ ఏడూ పదిహేను. గడికి ఒక్క అంకె. ఐదు వేశాను. నాలుగూ మూడూ ఏడు. డెబ్బై ఐదు. చీటీ పంపించాను.

మర్నాడు స్టోరాయన వచ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చే మురికి దుప్పట్లను లెక్కపెట్టి లోపలికి పంపేది ఆయనే. ఎనభై ఐదు లోపలికి వస్తే డెబ్బై ఐదు బయటికి వెళ్లాయి, మిగతా పదీ ఏవి అని అడిగాడు. ఏ మిషను వెనకో ఉంటాయి అని అందరం వెతికాం. దొరకలేదు. ఆ మర్నాడు సరిపోయింది. దాని తర్వాత రోజు మళ్లీ పది తక్కువ. వారం మొత్తం మీద మూడు రోజులు తగ్గాయి. ప్రతిసారీ పదే. తొమ్మిది కాదు, పదకొండు కాదు.

పది అంటే ఒక కట్ట.

ఆ మాట మొదట ఎవరన్నారో నాకు తెలియదు. మిషను దగ్గరి ఆడవాళ్లే అని ఉంటారు. విడి దుప్పటి ఒకటి తగ్గితే పొరపాటు, కట్టకు కట్ట తగ్గితే దొంగతనం. కట్టలు ఎవరి చేతుల్లో ఉంటాయి? ఒక రోజు తగ్గి ఒక రోజు తగ్గకపోవడం కూడా దొంగ తెలివే అన్నారు. రెండో వారం కూడా అలాగే జరిగేసరికి సూపర్‌వైజరు, గేటు దగ్గర సంచులు చూడమని కాపలా మనిషికి చెప్పాడు. అందరివీ అన్నాడు గానీ, ఆపింది ఒక్క వదిననే.

కిటికీలోంచి గేటు బాగా కనిపిస్తుంది. కాపలా మనిషి వదిన సంచి తలకిందులు చేసి నేల మీద కుమ్మరించాడు. అన్నం డబ్బా దొర్లుకుంటూ పోయింది. ఒక దువ్వెన, దారపు ఉండ, సగం కుట్టిన మనవడి మేజోడు ఒకటి. ఒంటి మీద చుట్టుకుని పోతోందేమో అని ఎవరో అన్నారు. ఒక ఆడమనిషిని పిలిచి ఆమె నడుము తడిమించారు. వదిన చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. అప్పుడు మెడ తిప్పి కిటికీ వైపు చూసింది.

నేను పలక వైపు చూశాను.

ఆమె తీసిందని నేను నమ్మానా అంటే నమ్మలేదు. నమ్మలేదని చెప్పానా అంటే చెప్పనూ లేదు. అంకె నాది. అంకెను అనుమానిస్తే కుర్చీని అనుమానించినట్టే. పలక ఏం చెప్తే అదే నిజం అని నాకు నేర్పిన పిల్ల అబద్ధం చెప్పదు. వదినా అబద్ధం చెప్పదు. రెండూ ఒక్కసారి నిజం కావడం ఎలాగో ఆలోచించడం కన్నా పలక వైపు చూడడం సుళువైంది.

సంచిలో ఏమీ దొరకలేదు. అయినా, సంగతి తేలేదాకా రావద్దు అని ఆమెను పంపేశారు. నేల మీద సామాను ఏరుకుని, దుమ్ము దులుపుకుని, అదే పొడుగాటి నడకతో వెళ్లిపోయింది.

కట్టలు కట్టడానికి కొత్త అమ్మాయిని పెట్టారు. నాలుగు రోజులు గడిచాయి. అందులో రెండు రోజులు మళ్లీ పది తక్కువ. ఈసారి సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. వదిన లేదు, దొంగ ఇంకా ఉన్నాడు.

ఆ రోజే మూడో వార్డు ఆయా బండి తీసుకెళ్లడానికి వచ్చింది. మీకు దుప్పట్లు తక్కువై చాలా ఇబ్బందిగా ఉందా అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"మాకెప్పుడు తగ్గాయి? మంచానికి ఒకటి, పైన ఆరు. నెల రోజులుగా ఒక్కటి కూడా తగ్గలేదు. ఎవరన్నారు నీకు?"

బండి వెళ్లిపోయాక నేను తలుపు వేసుకున్నాను. వదిన చించి పెట్టిన పీలికలు బుట్టనిండా ఉన్నాయి. మొదటిసారి తగ్గిన రోజు నేను రాసిపెట్టుకున్న అంకెలు తీశాను. నలభై ఎనిమిది పీలికలు బల్ల మీద ఒక పక్క పరిచాను. ముప్పై ఏడు ఇంకో పక్క. తర్వాత రెండూ కలిపి, ఒక్కొక్కటే తీసి ఒళ్లో వేసుకుంటూ లెక్కపెట్టాను. ఎనభై ఐదు. తప్పు లెక్కపెట్టానేమో అని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఎనభై ఐదు. పలక మీద వేస్తే డెబ్బై ఐదు.

ఒక్కటి వదిలేస్తే పది ఎలా పోయాయి? ఆ కుర్చీలో కూర్చుని ఎంతసేపు ఆలోచించినా నాకు అర్థం కాలేదు. తప్పు నా దగ్గరే ఉందని మాత్రం అర్థమైంది.

మర్నాడు సెలవు పెట్టి అమ్మాయి పని చేసే బడికి వెళ్లాను. రెండు బస్సులు మారాలి. పొడుగాటి వసారా, వరసగా తలుపులు. ఆమె ఏ గదిలో ఉందో తెలియక ఒక్కో తలుపులోకీ తొంగి చూస్తూ పోయాను. మూడో గదిలో ఏడేళ్ల పిల్లలు బోర్డు చూసి లెక్కలు ఎక్కించుకుంటున్నారు. బోర్డు మీద ముప్పై ఆరు, దాని కింద ఇరవై తొమ్మిది. ఎడమ గడి పైన, అగ్గిపుల్ల అంత ఒకటి గీసి ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ పిల్లల్లో ఎవరికీ ఆ చిన్న ఒకటిని చూసి ఆశ్చర్యం లేదు. ఒకడు పెన్సిలు నములుతూ దాన్ని తన పుస్తకంలో అలవాటుగా గీసుకుంటున్నాడు.

గంట కొట్టాక అమ్మాయి కనిపించింది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, టీచర్ల గదిలోకి తీసుకెళ్లి కుర్చీ వేసింది. మంచినీళ్లు తెచ్చింది. చేతులు చూపించమంది. మానాయని సంతోషపడింది. నేను పలక తీసి బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కట్టల గురించీ, సంచి గురించీ, వదిన గురించీ. అంతా విన్నాక, అది తొమ్మిదో పాఠం అత్తా అంది.

పుస్తకంలో తొమ్మిదో పాఠమట. మాకు ఎనిమిదో పాఠం దగ్గర ఆపేసిందట. మూడు నెలల్లో ఇరవై రెండు మంది, అందులో సగం మందికి బలపం పట్టుకోవడమే రాదు, తొమ్మిదో పాఠం మొదలుపెడితే సగం మంది తప్పుతారు, కాగితంలో అడిగింది రెండంకెల కూడికలు వచ్చా అని మాత్రమే, ఎలాంటివని అడగలేదు. ఇవన్నీ చెప్పింది. చెప్తూ చెప్తూ బల్ల మీది పుస్తకాలను ఒకదాని మీద ఒకటి సర్దింది.

నేను అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నాను. ఇరవై ఎనిమిదీ పదిహేడూ తెచ్చి చూపించాను కదా.

"అప్పుడు చెప్తే నువ్వు మర్నాడు తికమకపడేదానివి అత్తా. తర్వాత ఎలాగూ..." ఆగింది. "మీకు అంతవరకూ అవసరం రాదనుకున్నాను."

"మీకు అంటే ఎవరికి?"

ఆమె సర్దిన పుస్తకాలనే మళ్లీ సర్దింది.

కుర్చీ కోసం నేను నేర్చుకుంటున్నానని ఆ పిల్లకు మొదటి రోజే చెప్పాను. చేతులు చూపించాను. ఆ చేతులు పట్టుకుని, వీటికి ఇక నీళ్లు తగలకూడదు అని అంది. అలా అంటున్నప్పుడు కూడా తెలుసు, నా చేతిలో ఉన్నది సగం కూడికే అని. తెలిసే అంది. మేము సంతకం పెట్టుకోవడానికీ, బస్సు నెంబరు చదువుకోవడానికీ వస్తే చాలుననీ, మా లెక్క గడి దాటే రోజు మా బతుకుల్లో ఎక్కడ వస్తుందనీ ఆమె అనుకుంది. పరాయివాళ్లు అలా అనుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నేను లేవబోయాను. కూర్చో అత్తా, ఇప్పుడే చెప్పేస్తాను అని ఆమె నా భుజం పట్టుకుంది. లేచి వెళ్లిపోవాలని ఉంది. కానీ మళ్లీ రేపు రెండు బండ్లు వెళ్తాయి. కూర్చున్నాను.

ఆమె పలక మీద గళ్లు గీసింది. పదిహేను అంటే ఒక పదీ, ఐదు ఒకట్లూ అంది. ఐదు ఇక్కడే ఉంటుంది. ఆ ఒకటి ఒకటి కాదు, పది. పదుల గడిలోకి పంపాలి. పైన చిన్నగా గీసుకో, వాటితో పాటు కూడు. నాలుగూ మూడూ ఏడు, ఇదొకటి ఎనిమిది. ఎనభై ఐదు.

ఇంకో నాలుగు లెక్కలు ఇచ్చింది. నాలుగూ వచ్చాయి. గోడ మీద గడియారం చూశాను. పది నిమిషాలు కూడా కాలేదు.

నేను ఇన్ని రోజులూ వదిలేసింది ఒకటి అనుకున్నాను. అది పది అని చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మేకులు కొట్టడానికి సరిపోయాయి గానీ నాకు సరిపోలేదు. ఆమె గుమ్మం దాకా వచ్చి, కోపం వచ్చిందా అత్తా అని అడిగింది. చిన్నప్పుడు గిన్నె పగలగొట్టినప్పుడు కూడా అదే గొంతుతో అడిగేది. అప్పుడు లేదమ్మా అనేదాన్ని. ఈసారి వచ్చింది అన్నాను. బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే, బండి రాకముందు, సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి తప్పు నాదే అని చెప్పాను. అందరూ వినేలాగే చెప్పాను. మిషన్లు ఇంకా మొదలవలేదు కాబట్టి అందరికీ వినపడింది. స్టోరాయనను పిలిపించి చీటీలన్నీ తీశారు. ఆయన ఒక్కొక్కటీ కూడుతూ, ఎనభై నాలుగుకు డెబ్బై నాలుగు, తొంభై నాలుగుకు ఎనభై నాలుగు అని చదువుకుంటూ పోయాడు. అన్నీ తేలాయి. ఒక్క దుప్పటి కూడా ఎక్కడికీ పోలేదు. మిషను దగ్గరి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సూపర్‌వైజరు నన్ను తిట్టలేదు. ఇప్పుడు వచ్చు కదా, అక్కడే కూర్చో అన్నాడు. కొంగక్కను సోమవారం నుంచి రమ్మని కబురు చెయ్యి అన్నాడు. ఆయనకు అది అక్కడితో అయిపోయింది.

కబురు చేయకుండా నేనే వెళ్లాను. మా వీధి మలుపులో ఎదురింటి దర్జీ నన్ను ఆపాడు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. మా పిల్ల దగ్గరికి వెళ్లి ఏదో అన్నావట, అన్నం కూడా తినలేదట, నువ్వు పెంచిన పిల్ల కదా అని నిష్ఠూరంగా అన్నాడు. అవును, నేను పెంచిన పిల్లే అన్నాను. అక్కడ ఆగకుండా నడిచాను.

వదిన వాకిట్లో స్టూలు మీద కూర్చుని మనవడి కోటు జేబు కుడుతోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. పలక తీసి చూపించబోతే, వద్దు, నాకు అది అర్థం కాదు అంది. తప్పు నాదే అని అందరిలో చెప్పానన్నాను. సోమవారం రమ్మన్నారన్నాను. ఆమె సూది ఆపి అడిగింది.

"ఆ పిల్ల నీకు ఇప్పుడు నేర్పిందా?"

"నేర్పింది."

"ఎంతసేపు పట్టింది?"

"పది నిమిషాలు."

ఆమె దారం పళ్లతో తెంపి, కోటు తిప్పి, రెండో జేబు అందుకుంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"లెక్క తప్పితే తప్పింది వదినా. నీకు రాదు, వాళ్లు చెప్పలేదు. అది వేరు. నా నడుము తడుముతుంటే నేను నీ వైపు చూశాను. నువ్వు పలక చూసుకుంటున్నావు. పదకొండేళ్లలో నా కట్ట ఎప్పుడైనా తప్పిందా? అది నీకు ఏ పలకా చెప్పక్కర్లేదు."

ఆ పిల్ల నన్ను మోసం చేసిందని చెప్పుకుందామనే నోటి నిండా మాటలతో వచ్చాను. అవన్నీ అక్కడే నిలిచిపోయాయి. నన్ను మోసం చేసిన మనిషి పేరు చెప్పుకుని, నేను చేసిన మోసాన్ని తుడుచుకుందామనే వచ్చానని అప్పుడు తెలిసింది.

"సోమవారం వస్తాను," అంది వదిన. "పని కావాలి కాబట్టి వస్తాను. కట్టలు కడతాను. నీతో మాత్రం మాట్లాడను."

అన్నట్టే వచ్చింది. పాత చోటే, పాత పనే. కొంగక్క వచ్చింది అని అందరూ చుట్టూ మూగారు, ఎవరి డబ్బాలోది వాళ్లు తెచ్చి పెట్టారు. ఆమె నవ్వింది, జోకులు వేసింది. మధ్యాహ్నం బండి వేళకు కట్టలు కిటికీలోకి తోసి, విడివి పైన పెట్టి, నన్ను దాటి వెనకనున్న గోడకు చెప్తున్నట్టు ముప్పై తొమ్మిది అంది. నేను రాశాను. పొద్దుటివి నలభై ఆరు. తొమ్మిదీ ఆరూ పదిహేను. ఐదు వేసి, చిన్న ఒకటి పదుల గడి పైన గీసి, అన్నీ కూడి ఎనభై ఐదు అని చీటీ పంపించాను.

అప్పటినుంచి ఎనిమిది నెలలు. చీటీ ఒక్క రోజు కూడా తప్పలేదు. వేళ్లు పూర్తిగా మానాయి. అమ్మాయి రెండుసార్లు ఇంటికి వచ్చింది, కూర్చుని వెళ్లింది. నేను మంచినీళ్లు ఇచ్చాను. వదిన రోజూ రెండుసార్లు కిటికీ దగ్గరికి వస్తుంది. ఒక సంఖ్య చెప్తుంది. నేను రాసుకుంటాను. ఆ సంఖ్య కాక ఇంకొక్క మాట ఎప్పుడైనా వస్తుందేమో అని బలపం పట్టుకుని ఒక్క క్షణం ఆగుతాను. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి ఉంటుంది.